ఇంటిపేరు లిథియం, గుణాలు వేరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కబురు చేస్తే, నేను తాలూకాఫీసుల పుట్టుపూర్వోత్తరాలో పే కమిషన్ల కథో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. అవి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి బ్యాటరీల చరిత్ర ఎంచుకున్నాను. అందుకు కారణం ఉంది.

మన ఇళ్లలో ఒకసారి చుట్టూ చూడండి. చేతిలో సెల్‌ఫోను, చెవిలో మిషను, షుగరు చూసుకునే మీటరు, మనవడి స్కూటరు, కొనమని దుకాణాలవారు వెంటపడుతున్న కొత్తరకం ఇన్వర్టరు, కొందరు మిత్రుల ఛాతీలో అమర్చిన పేస్‌మేకరు. వీటిలో చాలావాటికి ఊపిరి పోస్తున్నది లిథియం అనే ఒకే లోహం. ఆ లోహమే 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో 80 ఏళ్ల పెద్దాయన ప్రాణం తీసింది. రాత్రి చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ హాల్లో పేలింది. అదే వారంలో విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఒక వ్యక్తి పోయాడు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటలు, పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి 8 మంది మరణించారు.

అప్పటినుంచి మనవాళ్లలో రెండు మాటలు వినబడుతున్నాయి. లిథియం అంటే పేలేదే, ఇంట్లోకి రానివ్వకూడదు అనేది ఒకటి. అన్నీ ఒకటే, ఏది చవకైతే అది కొనండి అనేది రెండోది. రెండూ సరికాదు. లిథియం అనేది ఇంటిపేరు మాత్రమే. ఒకే ఇంటిపేరుతో శాంతమూర్తి ఒకరు, ముక్కోపి ఒకరు, పొదుపరి ఒకరు ఉన్నట్టే ఈ బ్యాటరీల్లోనూ రకాలున్నాయి. ఏ రకానికి ఏ గుణం ఎందుకు వచ్చిందో తెలియాలంటే చరిత్ర చూడాలి.

లెక్క సరిపోని రాయి

1817లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ అనే మహా రసాయనవేత్త ప్రయోగశాలలో యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్‌సన్ అనే పాతికేళ్ల యువకుడు పనిచేస్తున్నాడు. ఊటో అనే ద్వీపంలోని గనుల నుంచి తెచ్చిన పెటలైట్ అనే రాయిని విడగొట్టి, అందులో ఏ పదార్థం ఎంత ఉందో తూకం వేశాడు. అన్నీ కూడితే మొత్తం రావలసినంత రాలేదు. ట్రెజరీలో పనిచేసిన వారికి తెలుసు, లెక్క తేలకపోతే ఇంటికి వెళ్లబుద్ధి కాదు. ఆయనా వదల్లేదు. తేడా ఎక్కడినుంచి వచ్చిందని వెదికితే అంతవరకు ఎవరికీ తెలియని క్షారం బయటపడింది. రాతిలో దొరికింది కనుక రాయి అనే అర్థం గల గ్రీకు మాట నుంచి లిథియం అని పేరు పెట్టారు. ఇంకో విశేషం. ఆ పెటలైట్ రాయిని మొదట గుర్తించి వర్ణించిన ఆండ్రాడా అనే ఖనిజశాస్త్రజ్ఞుడు తరువాత తన దేశమైన బ్రెజిల్ స్వాతంత్ర్య నిర్మాతల్లో ఒకడయ్యాడు.

లోహాలన్నిటిలోకి లిథియం తేలిక. నీటి బరువులో దాదాపు సగం. కత్తితో కోయవచ్చు. నీళ్లు తగిలితే బుసబుసలాడుతుంది. తన దగ్గరున్న ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలనే ఆత్రం దానికి చాలా ఎక్కువ. బ్యాటరీకి కావలసింది సరిగ్గా అదే. బరువు తక్కువ, ఆత్రం ఎక్కువ. కాని ఆ ఆత్రమే ప్రమాదం కూడా. నూరేళ్లకు పైగా దీన్ని బ్యాటరీలో బంధించడం ఎవరివల్లా కాలేదు. ఈలోగా వైద్యులు వాడారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాద రోగులకు లిథియం లవణం పనిచేస్తుందని చూపించాడు. ఆ మందు ఇప్పటికీ వాడుకలో ఉంది.

గుండెకు పదేళ్ల భరోసా

మొదట కుదిరినవి ఒకసారి వాడి పారేసే లిథియం సెల్లులు. వాటిలో మన వయసు వారికి దగ్గరి సంగతి పేస్‌మేకరుది. 1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి ప్రపంచంలో మొదటిసారి ఒంటిలోపల పేస్‌మేకరు అమర్చారు. దానిలోనిది నికెల్-కాడ్మియం బ్యాటరీ. ఆ యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. తరువాత పాదరసపు సెల్లులు వచ్చాయి. అవి రెండు మూడేళ్లకు అయిపోయేవి, మళ్లీ ఆపరేషను. అమెరికాలో విల్సన్ గ్రేట్‌బాచ్ అనే ఇంజనీరు లిథియం-అయోడిన్ సెల్లును పేస్‌మేకరుకు తగినట్టు తీర్చిదిద్దాడు. 1972లో ఇటలీలో మొదటిసారి అమర్చారు. అది పదేళ్ల వరకు నడిచేది. ఇందులో ద్రవం లేదు, గాలి పుట్టదు, కాబట్టి లోహపు డబ్బాలో గాలి చొరకుండా మూసివేయవచ్చు. బలహీనత, ఇది బొట్టుబొట్టుగా మాత్రమే కరెంటు ఇస్తుంది. టార్చిలైటు కూడా వెలగదు. గుండెకు కావలసింది అంతే కనుక బలహీనత అడ్డురాలేదు. లార్సన్ తన జీవితకాలంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకొని, 86 ఏళ్లు బతికి 2001లో కన్నుమూశాడు.

షుగరు మీటర్లలో, కారు తాళాల్లో, పిల్లల ఆటవస్తువుల్లో ఉండే రూపాయి బిళ్లంత సెల్లు ఇంకో రకం, లిథియం-మాంగనీస్ డయాక్సైడ్. 3 వోల్టులు ఇస్తుంది, ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మనవలున్న ఇళ్లవారు దీని సంగతి ఒకటి తప్పక తెలుసుకోవాలి. పసిపిల్లలు దీన్ని మింగితే అన్నవాహికలో ఇరుక్కొని, అక్కడి తడితో విద్యుత్తు ప్రవహించి, రెండు గంటల్లోనే లోపల కాలుతుంది. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మీటరులో సెల్లు మార్చినప్పుడు పాతది బల్లమీద వదిలేయకండి. దానిలో మిగిలిన కొద్దిపాటి కరెంటు చాలు ఆ పని చేయడానికి.

ఫైరింజన్ వారి బిల్లు

ఇక మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే రకాలు. వీటి కథ 1970లలో పెట్రోలు కరువుతో మొదలైంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు మన ఆఫీసు జీపులకు పెట్రోలు కోటా తగ్గించిన సంగతి సీనియర్లకు గుర్తుండాలి. చమురు అయిపోతే ఏం చేయాలని చమురు కంపెనీలకే బెంగ పట్టింది. అమెరికాలోని ఎక్సాన్ కంపెనీ స్టాన్లీ విటింగ్‌హామ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తను 1972లో చేర్చుకుంది. ఆయన ఒక కొసన లిథియం లోహం, రెండో కొసన టైటానియం డైసల్ఫైడ్ పెట్టి బ్యాటరీ చేసి 1976లో ప్రకటించాడు.

ఇక్కడ కొత్త ఆలోచన ఏమిటంటే, ఆ టైటానియం పదార్థంలో పొరలు ఉంటాయి. లిథియం వచ్చి ఆ పొరల మధ్య కూర్చుంటుంది, మళ్లీ లేచి వెళుతుంది, పొరలు చెక్కుచెదరవు. రికార్డు రూములో పనిచేసిన వారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. అలమరాలో ఫైలు పెట్టినా తీసినా అలమరా అలమరాగానే ఉంటుంది. పాతరకం బ్యాటరీల్లో ఫైలు పెట్టినప్పుడల్లా అలమరా కరిగి మళ్లీ పుట్టినట్టు ఉండేది. అందుకే అవి త్వరగా అరిగిపోయేవి.

మరి చిక్కెక్కడ? రెండో కొసన ఉన్న పచ్చి లిథియం లోహం దగ్గర. చార్జి చేసేటప్పుడు లిథియం వెనక్కి వచ్చి సమంగా పరుచుకోకుండా మీసాల్లా, ముళ్లలా పెరుగుతుంది. ఆ ముల్లు అవతలి కొసను తాకిందా, లోపల షార్ట్ సర్క్యూట్, నిప్పు. ఎక్సాన్ ప్రయోగశాలకు ఫైరింజన్ పలుమార్లు రావలసి వచ్చింది. లిథియం మంటలార్పే ప్రత్యేక రసాయనాల ఖర్చు మీరే కట్టుకోవాలని ఆ అగ్నిమాపక దళం వారు హెచ్చరించారట. ఏ డిపార్టుమెంటయినా బడ్జెట్ హెడ్డు దగ్గర ఒకేలా మాట్లాడుతుంది! 1980ల మొదట్లో చమురు ధర తగ్గడంతో ఎక్సాన్ ఆ పని మానుకుంది. పచ్చి లోహంతోనే కెనడాలో మోలీ ఎనర్జీ అనే కంపెనీ సెల్లులు చేసి అమ్మింది. 1989లో జపానులో వాటితో నడిచే సెల్‌ఫోను మంటలంటుకుంది. సరుకంతా వెనక్కి తీసుకొన్నారు, కంపెనీ కుదేలైంది. పచ్చి లిథియం లోహంతో చార్జి చేసుకునే బ్యాటరీ అమ్మాలన్న ఆశలకు అంతటితో చాలాకాలం తెరపడింది.

58 ఏళ్లకు మొదలైన సర్వీసు

ఈ చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన మనిషి జాన్ గుడెనఫ్. 1922లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వాతావరణ శాఖలో పనిచేసి, ఆ తరువాతే భౌతికశాస్త్రం పట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా 1980లో, అంటే మనకు పదవీ విరమణ ఉత్తర్వులు చేతికిచ్చే వయసులో, తన బృందంతో లిథియం కోబాల్ట్ ఆక్సైడును కనుగొన్నాడు. సల్ఫైడు బదులు ఆక్సైడు వాడితే వోల్టేజి పెరుగుతుందని ఆయన ఊహ. విటింగ్‌హామ్ బ్యాటరీ 2 వోల్టుల పైచిలుకు ఇస్తే, ఇది 4 వోల్టులు ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ వారు పేటెంటు తీసుకోవడానికి ఇష్టపడలేదు. హక్కులు వేరే ప్రభుత్వ సంస్థకు పోయాయి, ఆయనకు పైసా దక్కలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో నిర్బంధ పదవీ విరమణ దగ్గరపడుతుంటే 1986లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. 1983లో మన రాష్ట్రంలో వయసు 58 నుంచి 55కు తగ్గించి మా సెక్షన్ పెద్దలను ఒక్క నెలలో ఇంటికి పంపిన రోజులు చూసినవాణ్ణి కనుక, ఈ సంగతి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆయన రెండో గొప్ప పని, దాన్ని గురించి కింద చెబుతాను, 1997లో 75 ఏళ్లకు చేశాడు.

కోబాల్ట్ రకం ఒక కొసకు కుదిరింది. రెండో కొసన పచ్చి లోహం బదులు ఏం పెట్టాలి? జపానులో అసాహి కాసీ కంపెనీలో అకిరా యోషినో 1985లో పెట్రోలియం కోక్ అనే బొగ్గు పెట్టాడు. బొగ్గులోనూ పొరలుంటాయి, లిథియం వాటిలో ఒదిగి కూర్చుంటుంది. ఇప్పుడు రెండు కొసల్లోనూ అలమరాలే. లిథియం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఉయ్యాల ఊగినట్టు పోతుంది. ఎక్కడా పచ్చి లోహం లేదు. యోషినో ఆ బ్యాటరీల మీద ఇనుప దిమ్మె పడేసి చూశాడు. లోహం రకం భగ్గుమంది, ఇది మండలేదు. 1991లో సోనీ కంపెనీ దీన్ని వీడియో కెమెరాలకు పెట్టి అమ్మింది. లిథియం-అయాన్ అనే పేరు అప్పటినుంచి లోకానికి తెలిసింది. విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్న వారిలో ఆయనకన్నా పెద్దవారు లేరు. 2023లో నూరేళ్లు నిండి పోయాడు. ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది తమిళనాడులో పుట్టి మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన అరుముగం మంథిరామ్.

ఎవరి గుణం ఏమిటి

బేరీజు వేయడానికి ఒక కొలత కావాలి. కరెంటు బిల్లులో యూనిట్ అందరికీ తెలుసు. 1000 వాట్ల హీటరు ఒక గంట వాడితే ఒక యూనిట్. ఒక యూనిట్ దాచుకోవడానికి ఎంత బరువు బ్యాటరీ కావాలన్నదే కొలత అనుకుందాం. మన పాత ఇన్వర్టరు సీసం బ్యాటరీ అయితే సుమారు 28 కిలోలు కావాలి. కోబాల్ట్ లిథియం సెల్లులైతే 6 కిలోలు. ఆరు కిలోలతో పని జరిగితే 28 ఎవరు మోస్తారు? అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దానికి దాసోహమన్నాయి.

కాని కోబాల్ట్ ముక్కోపి. చార్జింగు అంటే ఆ అలమరాలోంచి ఫైళ్లు తీయడం. సగానికి మించి తీశామా, బరువు లేక అలమరా ఒరుగుతుంది. ఒరిగినప్పుడు ప్రాణవాయువు వదులుతుంది. లోపల ఉన్న ద్రవమేమో పెట్రోలులా మండే గుణం కలది. వేడి, గాలి, చమురు మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయన్నమాట. సుమారు 150 డిగ్రీల దగ్గర అదుపు తప్పుతుంది. 2006లో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి తీసుకుంది. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాల్లో ఈ రకం బ్యాటరీలే కాలి, ప్రపంచమంతటా ఆ విమానాలు సుమారు మూడు నెలలు నేలమీద ఉండిపోయాయి. ఇవి కాక కోబాల్ట్ ఖరీదైనది. లోకంలో తవ్వే దానిలో అధికభాగం కాంగో నుంచి వస్తుంది, అక్కడ గనుల్లో పసిపిల్లల చేత పని చేయిస్తున్నారన్న అపఖ్యాతి ఉంది.

చవక రకం కోసం వెదికితే మాంగనీసు దొరికింది. దక్షిణాఫ్రికా నుంచి ఆక్స్‌ఫర్డ్ వచ్చిన మైకేల్ థాకరే 1983లో గుడెనఫ్‌తో కలిసి చేసిన పని ఇది. దీనిలో పొరలు కాదు, మూడు దిక్కులా సొరంగాలుంటాయి. కరెంటు ధారాళంగా ఇస్తుంది, కోబాల్ట్ కన్నా నిదానస్తురాలు, చవక కూడా. దీని శత్రువు ఎండ. వేడెక్కితే మాంగనీసు కొద్దికొద్దిగా ద్రవంలోకి కరిగిపోతుంది. నిస్సాన్ లీఫ్ కారులో ఈ రకం వాడి, చల్లార్చే ఏర్పాటు పెట్టలేదు. 2012లో అమెరికా అరిజోనా ఎడారి ఎండల్లో ఆ కార్లవారు బ్యాటరీ శక్తి పడిపోతోందని గోల పెట్టారు. రామగుండం, రెంటచింతల ఎండలకు ఇది ఎంత పనికొస్తుందో పాఠకులే ఊహించవచ్చు.

తరువాత ఒక్కొక్క లోహం గుణం కలిపి మిశ్రమం చేశారు. నికెల్ శక్తి ఇస్తుంది, మాంగనీసు నిలకడ ఇస్తుంది, కోబాల్ట్ పొరలను చక్కగా ఉంచుతుంది. దీన్నే ఎన్.ఎం.సి. అంటారు. ఈ మూడూ సమపాళ్లుగా మొదలై, కోబాల్ట్ ఖర్చు తగ్గించుకుంటూ 8 : 1 : 1 పాళ్ల వరకు వచ్చింది. నికెల్ పెరిగిన కొద్దీ శక్తి పెరుగుతుంది, కోపమూ పెరుగుతుంది. ఒక యూనిట్‌కు నాలుగున్నర కిలోలు చాలు. మాంగనీసు బదులు కొంచెం అల్యూమినియం కలిపింది ఎన్.సి.ఏ. టెస్లా కార్లు దీనితో పేరు తెచ్చుకున్నాయి. దూరం పోవాలి, బరువు ఉండకూడదు అన్నచోట ఈ రెంటికీ సాటి లేదు. మన ఎలక్ట్రిక్ స్కూటర్లలో చాలావాటిలో ఉన్నది ఎన్.ఎం.సి.యే. సుమారు 210 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. బాగా చేసిన ప్యాకులో, సరైన కాపలా సర్క్యూటుతో ఇది నమ్మదగినదే. 2022లో మన దేశంలో జరిగినవి చాలావరకు నాసిరకం సెల్లులు, సరిలేని కాపలా సర్క్యూట్ల వల్లేనని ప్రభుత్వ విచారణలో తేలి, ఏఐఎస్-156 అనే ప్రమాణాన్ని కఠినం చేశారు.

ఇక గుడెనఫ్ 75 ఏళ్ల నాటి పని. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, దుకాణాల భాషలో ఎల్.ఎఫ్.పి. ఇనుము, ఎరువుల్లో వాడే ఫాస్ఫేటు. కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. ఆ పత్రం మీద సంతకం చేసిన వారిలో పాఢీ, నంజుండస్వామి అని ఇద్దరు భారతీయులున్నారు. ఇందులో ప్రాణవాయువు భాస్వరంతో గట్టిగా ముడిపడి ఉంటుంది, లాగినా రాదు. ఫైళ్లన్నీ తీసేసినా అలమరా ఒరగదు. సుమారు 270 డిగ్రీల వరకు నిబ్బరంగా ఉంటుంది. రెండు వేలకు మించి చార్జింగులు తట్టుకుంటుంది. కోబాల్ట్ రకం 500 నుంచి 1000కే అలసిపోతుంది.

పుట్టినప్పుడు దీన్ని పనికిరానిదని కొందరు పెదవి విరిచారు. కారణం, ఇందులో కరెంటు నడవదు. లిథియం తిరిగే దారులు కూడా ఒకే దిక్కు సందులు. ఎదురుగా ఎవరైనా అడ్డమొస్తే ఆగిపోవలసిందే. కెనడా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు దీన్ని అతిసన్నని పొడిగా చేసి బొగ్గు పూత పూసి ఆ లోపం దిద్దారు. మిగిలిన లోపాలు మాత్రం ఉన్నాయి. సెల్లుకు 3.2 వోల్టులే, మిగతావారికి 3.6, 3.7 ఉంటాయి. ఒక యూనిట్‌కు 8 కిలోలు కావాలి. గడ్డకట్టే చలిలో మొరాయిస్తుంది, అది మనకు పట్టదు. ఇంకోటి, అయిపోయే దాకా వోల్టేజి ఒకేలా ఉండి చివర ఒక్కసారి జారిపోతుంది. ఎంత మిగిలిందో చెప్పే సూచిక మాట పూర్తిగా నమ్మలేం. అప్పుడప్పుడు పూర్తిగా చార్జి చేస్తే ఆ సూచిక దారిలోకి వస్తుంది.

అమెరికాలో దీన్ని తయారుచేసిన ఎ123 సిస్టమ్స్ అనే కంపెనీ 2012లో దివాలా తీసింది, చైనా వారు కొన్నారు. చైనా ఆ రకాన్ని పట్టుకొని బ్యాటరీ డబ్బా నిర్మాణం మార్చి బరువు లోటు చాలావరకు పూడ్చింది. 2020 నుంచి టెస్లా కూడా కొన్ని కార్లలో ఇదే పెడుతోంది. మన టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు మొదటినుంచీ దీనితోనే వచ్చింది. ఫోన్లలో ముక్కోపిని, కార్లలో, ఇళ్లలో శాంతమూర్తిని పెట్టుకోవడమే నా దృష్టిలో సబబు.

లిథియం టైటనేట్ అనేది ఒకటుంది. దీనిలో బొగ్గు ఉండే కొసన టైటానియం ఆక్సైడు ఉంటుంది. పదినిమిషాల్లో చార్జి అవుతుంది, వేల మార్లు తట్టుకుంటుంది, మహా భద్రం. 2008లో తోషిబా వారు మార్కెట్‌లోకి తెచ్చారు. బరువు యూనిట్‌కు 14 కిలోలు, ధర చుక్కల్లో. కనుక ఇళ్లకు రాలేదు. లిథియం పాలిమర్ అని చెప్పి ఎక్కువ ధర అడిగేవారున్నారు. పాలిమర్ అనేది ప్యాకింగును తెలిపే మాట, రకాన్ని కాదు. లోపల మామూలుగా కోబాల్టో ఎన్.ఎం.సి.యో ఉంటుంది.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

ఇన్వర్టరు చూద్దామని మా పేటలో ఒక దుకాణానికి వెళ్లి, ఇది ఏ రకం నాయనా అని అడిగితే, లిథియం అంటే లిథియమే తాతగారూ అన్నాడు అక్కడి కుర్రవాడు. అతణ్ణి తప్పు పట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. కాని డబ్బా మీద స్టిక్కరు అన్నీ చెబుతుంది. 12.8, 25.6, 51.2 వోల్టులు అని ఉంటే 3.2 తో భాగించండి. నిశ్శేషంగా పోతుంది, అది ఐరన్ ఫాస్ఫేట్. 11.1 అని ఉంటే 3.7 తో పోతుంది, అది కోబాల్టో నికెలో. ఇంట్లో గోడకు బిగించేదానికి బరువు లెక్క కాదు కాబట్టి మొదటిదే తీసుకోవాలని నా అభిప్రాయం.

సీసం బ్యాటరీ మరీ తీసిపారేయదగినది కాదు. 150 ఆంపియర్ అవర్ ట్యూబ్యులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లుంటాయి, కాని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోయాలి, 50 కిలోలు దాటే బరువు. 100 ఆంపియర్ అవర్ ఐరన్ ఫాస్ఫేటులో 1.28 యూనిట్లున్నా దాదాపు అంతా వాడుకోవచ్చు, నీళ్ల గొడవ లేదు. అయితే ముందు పెట్టుబడి ఎక్కువ. పాత సీసానికి మారకంలో మంచి ధర వస్తుంది, పాత లిథియానికి అంత రాదు. పాత ఇన్వర్టరుకు కొత్త లిథియం తగిలిస్తే చార్జింగు వోల్టేజి సరిపోతుందో లేదో మెకానిక్ చేత చూపించాలి. కరెంటు రోజుకు ఒక గంట కూడా పోని పట్టణాల్లో ఉన్నవారికి ఉన్న సీసం బ్యాటరీ చెడిపోయేదాకా మార్చవలసిన అగత్యం నాకు కనబడదు.

స్కూటరు విషయంలో పిల్లలకు పెద్దవాళ్లం గట్టిగా చెప్పవలసినవి ఉన్నాయి. బ్యాటరీని పడకగదిలో గాని, మనం బయటికి పోయే దారిలో గాని, మెట్లకింద గాని చార్జింగుకు పెట్టనివ్వకండి. మంట కన్నా పొగ ముందు చంపుతుంది. సికింద్రాబాదులో జరిగింది అదే. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పెట్టకుండా చల్లారనివ్వాలి. వరదనీటిలో మునిగినది, కిందపడి సొట్టపోయినది, ఉబ్బినది ఇంట్లో ఉంచరాదు. ఐరన్ ఫాస్ఫేటు కూడా బాగా దెబ్బతింటే మండే వాయువులు వదులుతుంది. దానికి ఓర్పు ఎక్కువే తప్ప అది అగ్నిపరీక్షకు నిలిచిన సీతమ్మ కాదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మిత్రులు పవర్‌బ్యాంకును లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్ అవర్ల లోపు ఉంటే విడిగా అనుమతి అక్కర్లేదు. డబ్బామీద 20,000 ఎం.ఏ.హెచ్. అని ఉంటే 20ని 3.7తో గుణిస్తే 74 వస్తుంది, పరవాలేదు. 27,000 దాటినవి చిక్కే. వాడిపారేసిన ఫోను బ్యాటరీలను చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.

ఇంతకాలం మన దేశానికి ఈ సెల్లులు దాదాపు అన్నీ బయటినుంచే వచ్చాయి, ముఖ్యంగా చైనా నుంచి. ఐరన్ ఫాస్ఫేట్ మీద ఉన్న మూల పేటెంట్ల గడువు 2022లో తీరింది. 2023 ఫిబ్రవరిలో జమ్మూకాశ్మీరులోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం నిక్షేపం అంచనా వేసినట్టు భూగర్భ సర్వే వారు ప్రకటించారు. అది ప్రాథమిక అంచనా మాత్రమే, తవ్వి లోహం తీయడానికి చాలా దూరం ఉంది. ఆ సంవత్సరమే మే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా వారి సెల్లుల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. సీసం బ్యాటరీలతో తిరుపతి దగ్గర కరకంబాడిలో పేరు తెచ్చుకున్న కంపెనీ అది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, ఏడాదికి 16 గిగావాట్ అవర్ల సెల్లులు లక్ష్యమని అప్పుడు చెప్పారు. మన కరెంటు బిల్లు భాషలో 1 కోటి 60 లక్షల యూనిట్లు దాచుకోగల సెల్లులన్నమాట. ఐరన్ ఫాస్ఫేట్ రకం కోసం 2024లో ఒక చైనా కంపెనీ అనుబంధ సంస్థతో సాంకేతిక ఒప్పందం కూడా చేసుకున్నారు.